పూజగదిలోంచి పేపర్లోకి వచ్చిన మాటలు

తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చిన పిల్లల చేతికి ఓ తెలుగు దినపత్రిక ఇచ్చి చూడండి. 'నిబంధనలకు తిలోదకాలు', 'మంత్రివర్గం నుంచి ఉద్వాసన', 'నిధులు స్వాహా', 'అధికారులకు ముఖ్యమంత్రి అక్షింతలు'... ఒత్తులూ గుణింతాలూ తప్పు పోకుండా గడగడా చదివేస్తారు. అర్థం మాత్రం ఒక్క ముక్క అందదు. పోనీ నిఘంటువు తీస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. తిలోదకాలంటే నువ్వులు కలిపిన నీళ్ళని ఉంటుంది. నిబంధనలకి నువ్వుల నీళ్ళెందుకు?

వారంలో ఐదు రోజులు కంప్యూటర్లతో కుస్తీ పట్టి, ఆదివారం ఉదయం మా ఊరి తెలుగు తరగతిలో పెద్ద పిల్లలకి పాఠం చెబుతుంటాను. ఆ తరగతిలోనే పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె అడిగింది: "అంకుల్, అక్షింతలంటే బ్లెస్సింగ్స్ కదా! మరి చీఫ్ మినిస్టర్ అక్షింతలు వేస్తే ఆఫీసర్లు ఎందుకు భయపడ్డారు?"

ప్రశ్న చిన్నదే. కానీ దాని వెనక ఉన్న సంగతి పెద్దది. మన భాష తన పలుకుబళ్ళలో చాలావాటిని పూజల దగ్గర్నుంచీ పెళ్ళిళ్ళ దగ్గర్నుంచీ అరువు తెచ్చుకుంది. ఆ తంతు కళ్ళారా చూస్తూ పెరిగినవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు గుడికి వెళ్ళి, హారతి కళ్ళకద్దుకుని, పులిహోర తిని వచ్చే మన పిల్లలకి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో మనమే!

మొదలుపెట్టే మాటలు

ఏదైనా రాసేముందు కాగితం పైన 'శ్రీ' అని రాయడం మన అలవాటు. అందుకే ప్రభుత్వం కొత్త పథకం మొదలుపెడితే 'శ్రీకారం చుట్టింది' అంటాం. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందురోజు సాయంత్రం మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లి మొలకెత్తిస్తారు. అదే అంకురార్పణ. ఉద్యమానికైనా ఫ్యాక్టరీకైనా 'అంకురార్పణ జరిగింది' అంటే విత్తనం పడిందన్నమాట.

వ్రతానికి కూర్చున్నవాళ్ళ చేతికి పసుపుదారం కడతారు. పని పూర్తయ్యేదాకా దాన్ని విప్పకూడదు. 'ఊరికి నీళ్ళు తెస్తానని కంకణం కట్టుకున్నాడు' అనే మాట అక్కడినుంచి వచ్చిందే.

ఇక సంకల్పం. మా అబ్బాయికి దీన్ని ఉత్తరం మీద రాసే అడ్రసు అని చెప్పాను. ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో, ఏ కోరికతో ఈ పూజ చేస్తున్నారో దేవుడికి విన్నవించుకోవడమే సంకల్పం. కాలం లెక్క పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి దిగుతూ వస్తుంది: 432 కోట్ల సంవత్సరాల కల్పం, అందులో మన్వంతరం, ఆపైన యుగం, 60 ఏళ్ళకోసారి తిరిగొచ్చే సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. 2025 ఉగాదికి వచ్చిన 'విశ్వావసు' అంతకుముందు 1965లో వచ్చింది. స్థలం కూడా అంతే. ఇండియాలో జంబూద్వీపం, భరతవర్షం అని మొదలవుతుంది. ఇక్కడ అమెరికాలో చాలామంది పురోహితులు క్రౌంచద్వీపం, రమణకవర్షం అంటారు. ఇల్లు మారితే అడ్రసు మార్చుకోవాలి కదా! చివర గోత్రం, పేరు. ఇన్ని కోట్ల ఏళ్ళలో, ఇంత భూమ్మీద, 'ఇదిగో, ఈ మూల ఉన్నది నేనే' అని చెప్పుకోవడం అన్నమాట. 'దృఢసంకల్పం' అనే మాట విన్నప్పుడు పిల్లలకి ఇదంతా గుర్తొస్తే ఎంత బావుంటుంది!

వెక్కిరించే మాటలు

మనవాళ్ళ హాస్యమంతా ఇక్కడే ఉంది. దేవుడి దగ్గర ఎంత గంభీరమైన మాటో, బయట అంత వెటకారం.

అక్షతలంటే క్షతం కానివి, అంటే విరగని బియ్యపుగింజలు. వాటికి పసుపు పట్టించి పెద్దలు నెత్తిన వేసి దీవిస్తారు. తలమీద పడేది ఏదైనా అక్షింతలే కాబట్టి, మేనేజరు నలుగురిలో చీవాట్లు పెడితే అదీ అక్షింతలే. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఇదే. అష్టోత్తరమంటే దేవుడి 108 నామాలు. రాత్రి ఆలస్యంగా ఇంటికొస్తే మా ఆవిడ చదివేది కూడా అష్టోత్తరమే, నామాలు మాత్రం వేరు!

వైష్ణవాలయాల్లో తీర్థం ఇచ్చాక పూజారి మన తలమీద గిన్నెలాంటిది ఉంచి తీస్తారు. పైన స్వామి పాదాల గుర్తులుంటాయి. అదే శఠగోపం. శఠకోపుడని పేరున్న నమ్మాళ్వారు పేరుమీద వచ్చింది. మరి 'వాడు నాకు శఠగోపం పెట్టాడు' అంటే? తల వంచి నమ్మినవాణ్ణి నిలువునా ముంచాడని!

హోమంలో నెయ్యి వేస్తూ చివర 'స్వాహా' అంటారు. అగ్నిలో వేసింది తిరిగిరాదు. కాంట్రాక్టరు చేతిలో పడ్డ ప్రజాధనం కూడా తిరిగిరాదు కనుక 'నిధులు స్వాహా'. కైంకర్యం అంటే స్వామికి చేసే సేవ. 'తాతలిచ్చిన పొలమంతా కైంకర్యం చేశాడు' అంటే ఏ స్వామికి సమర్పించాడో పేకాట క్లబ్బు వాళ్ళని అడగాలి.

ముగించే మాటలు

పూజ అంటే ఇంటికొచ్చిన అతిథికి చేసే మర్యాదే. రండని పిలవడం ఆవాహనం, కూర్చోబెట్టడం ఆసనం, కాళ్ళకు నీళ్ళివ్వడం పాద్యం, చేతులకు నీళ్ళివ్వడం అర్ఘ్యం. ఆపైన స్నానం, వస్త్రం, గంధం, పువ్వులు, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం. ఇలా లెక్కపెట్టేవే షోడశోపచారాలు. అతిథి వెళ్ళేటప్పుడు సాగనంపాలి కదా, అదే ఉద్వాసన. వినాయక చవితి పూజ ముగిశాక విగ్రహాన్ని కాస్త కదుపుతారు చూడండి, ఆ సమయంలో చెప్పేది. మంత్రిగారి పదవి ఊడినా పేపర్లో అదే మాట.

మంగళం పాడేది పూజ చివర. అందుకే మూతపడిన స్కీముకి 'మంగళం పాడారు'. స్వస్తి అంటే శుభం కలగాలని. పాత శాసనాలు చాలావరకు ఆ మాటతోనే మొదలవుతాయి. ఇప్పుడేమో ఆటగాడు రిటైరైతే 'క్రికెట్‌కు స్వస్తి' అంటున్నాం!

తిలోదకాలు చనిపోయిన పెద్దలకు వదిలేవి. నిబంధనలకు తిలోదకాలిచ్చారంటే, అవి ఇంక బతికి లేవని ఒప్పేసుకున్నట్టు. ఇంత కోపం, ఇంత వెటకారం ఒక్క మాటలో ఇమిడిపోయాయి. నువ్వులు కలిపిన నీళ్ళు చేతిలోంచి జారడం చూడనివాడికి ఆ మాట బరువు ఎలా తెలుస్తుంది?

అనకూడని మాటలు

కొన్ని మాటలు పెద్దవాళ్ళు నోటితో అనరు. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. మంగళసూత్రం తెగిందనరు, పెరిగిందంటారు. 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటారు.

మా అమ్మ తెనాలిలో మా చెల్లెలి దగ్గర ఉంటుంది. ఓ ఆదివారం ఫోనులో మావాడితో, "పూజ చేసుకుంటున్నా నాన్నా, గాలికి దీపం కొండెక్కింది, మళ్ళీ వెలిగించి వస్తా" అంది. వాడు ఫోను పక్కన పెట్టి, "నానమ్మ కొండ ఎక్కిందా? మోకాళ్ళ నొప్పి కదా?" అని నన్నడిగాడు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. వాడికున్న తెలుగు 'బావున్నావా, తిన్నావా' దాటదు. ఆవిడ మాట్లాడే తెలుగంతా ఇలాంటి మాటలే. ఇవి అందకపోతే వాళ్ళిద్దరి మధ్యా మిగిలేది ఆ రెండు ప్రశ్నలే.

సవ్యం, అపసవ్యం

మా నాన్నగారి ఆబ్దికం కిందటేడు ఇక్కడి గుడిలోనే పెట్టాను. మావాడు పక్కన కూర్చున్నాడు. పురోహితుడు గారు మధ్యమధ్యలో 'సవ్యం', 'అపసవ్యం' అంటుంటే నేను జంధ్యం ఆ భుజం మీదనుంచి ఈ భుజం మీదకి మార్చుకుంటున్నాను. జంధ్యం లేనివాళ్ళు కండువా మార్చుకుంటారు. అంతా అయ్యాక కారులో అడిగాడు, ఆ మార్చడమేమిటని. దేవతలకు చేసేటప్పుడు ఎడమ భుజం మీద ఉంటుంది, అది సవ్యం. పితృదేవతలకు చేసేటప్పుడు కుడి భుజం మీదకి మారుతుంది, అది అపసవ్యం అన్నాను. కాసేపు కిటికీలోంచి బయటకు చూశాడు. "నానమ్మ ప్రతిసారీ ఫోన్లో 'అంతా సవ్యంగా ఉందా' అంటుంది కదా... అంటే, మన ఇంట్లో ఎవరూ చనిపోలేదు కదా అని అడుగుతోందా?"

నిఘంటువులో సవ్యంగా అంటే 'సరిగ్గా' అనే ఉంటుంది. కానీ తాతయ్య పోయిన ఇంట్లో, నానమ్మ నోట ఆ మాటకి వాడు చెప్పిన అర్థం కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆ వారం ఫోనులో వాడే ముందుగా, "నానమ్మా, ఇక్కడ అంతా సవ్యంగా ఉంది" అన్నాడు. అవతల అమ్మ కాసేపు మాట్లాడలేదు.

ఇవి అందరి మాటలు

ఇదంతా ఒక మతం వాళ్ళకే అనుకోకండి. నాతో చదువుకున్న గుంటూరు స్నేహితుడు ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాడు. సిగరెట్లకి స్వస్తి చెప్పిందీ, చెల్లెలి చదువుకి కంకణం కట్టుకున్నదీ వాడే. పుట్టింది పూజలోనైనా, భాషలో కలిశాక మాట అందరిదీ. అలాగే అన్ని మాటలూ సంస్కృతంలోంచి యథాతథంగా వచ్చినవీ కావు. ఆషాఢంలో తెలంగాణ ఆడపడుచులు అమ్మవారికి తలమీద మోసుకెళ్ళే బోనం, 'భోజనం' అనే మాట జనం నోట నలిగి నునుపుదేలినదే. పుట్టింటికొచ్చిన కూతురికి పోసే ఒడిబియ్యం అచ్చంగా మన ఇళ్ళ మాట.

తల్లిదండ్రులకి నాదొకటే మనవి. ఈసారి వ్రతం చేసుకున్నప్పుడు పిల్లల్ని వీడియో తీసే పనికి కాక, పళ్ళెం అందించే పనికి పెట్టండి. వస్తువు చేతిలో ఉన్నప్పుడే పేరు చెప్పండి. రోజుకొక్క మాట చాలు.

పిల్లలూ, మీకో చిన్న పరీక్ష! ఈ ఐదు వాక్యాలకీ అర్థం రాసి, మీ అమ్మమ్మకో, నానమ్మకో ఫోనులో చదివి వినిపించండి. మార్కులు వాళ్ళే వేస్తారు.

1. లెక్కల్లో మార్కులు తగ్గాయని నాన్న అక్షింతలు వేశారు.
2. తమ్ముడు నా చాక్లెట్లన్నీ స్వాహా చేశాడు.
3. ఈ వేసవిలో తెలుగు రాయడం నేర్చుకోవాలని అక్క కంకణం కట్టుకుంది.
4. పరీక్షలని చెప్పి అమ్మ వీడియో గేములకు మంగళం పాడింది.
5. డబ్బాలో జంతికలు నిండుకున్నాయి.