దస్తావేజు నుంచి డిక్రీ దాకా

స్థిరాస్తి, వాణిజ్య వ్యవహారాలు చూసే న్యాయవాదికి రెండు రకాల పని ఉంటుంది. కొనుగోలుకు ముందు కాగితాలు పరిశీలించి సలహా ఇవ్వడం ఒకటి, తగాదా వచ్చాక కోర్టులో దావా నడపడం రెండోది. దస్తావేజును తేదీలతో సహా జాగ్రత్తగా చదవడమే రెండింటికీ ఆధారం.

ఈ వృత్తిలోకి రావాలంటే ఇంటర్ తర్వాత ఐదేళ్లు లేదా డిగ్రీ తర్వాత మూడేళ్లు లా చదవాలి. తెలుగు రాష్ట్రాల్లో లాసెట్ ద్వారా సీట్లు ఇస్తారు. పట్టా వచ్చాక 1961 నాటి అడ్వొకేట్ల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. తర్వాత సాధారణంగా ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరతారు. వాయిదాలకు వెళ్లడం, సర్టిఫైడ్ కాపీలు తీయించడం, నోటీసులు, ప్లెయింట్లు రాయడం ద్వారా పని పట్టుబడుతుంది.

పొలం కొనేవారు లీగల్ ఒపీనియన్ అడిగితే, వకీలు ప్రస్తుత యజమాని సేల్ డీడ్‌తో మొదలుపెట్టి లింకు డాక్యుమెంట్ల మీదుగా వెనక్కి వెళతారు. మామూలుగా 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు అందులో తెలుస్తాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, నడుస్తున్న దావా మాత్రం కనపడకపోవచ్చు. అందుకే కోర్టు రికార్డుతో పాటు రెవెన్యూ రికార్డు కూడా చూడాలి. ఆంధ్రలో అడంగల్, 1-బి, తెలంగాణలో పాత పహాణీలు, ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఇందుకు పనికొస్తాయి.

సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ప్రతి దస్తావేజులోనూ సరిపోలాలి. పాత దస్తావేజులో తూర్పు హద్దు డొంక అని ఉండి, కొత్తదాంట్లో అదే దిక్కున ఎవరిదో పొలం అని ఉంటే, ఆ డొంక ఏమైందో తేలేదాకా ఒపీనియన్ ఇవ్వకూడదు. అసైన్డ్ భూముల అమ్మకంపై 1977 చట్టం పెట్టిన ఆంక్షలూ గుర్తుండాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే కూతుళ్ల వాటా తేల్చాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కేవలం జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో కొన్నవారికి యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది.

కోర్టుకెక్కే తగాదాల్లో అగ్రిమెంటు కేసులు ఎక్కువగా కనిపిస్తాయి. అడ్వాన్సు తీసుకున్న యజమాని ధర పెరగగానే రిజిస్ట్రేషన్‌కు రానంటే, కొనుగోలుదారు ఒప్పందం అమలు కోరుతూ దావా వేయవచ్చు. ఒప్పందంలో గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకుంటే నిరాకరణ తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి. మిగతా సొమ్ముతో తాను మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని నిరూపించాల్సిన బాధ్యత కొనుగోలుదారుదే. బ్యాంకు స్టేట్‌మెంటు, సకాలంలో పంపిన నోటీసు అప్పుడు అక్కరకొస్తాయి. ఈలోగా ఆస్తి చేతులు మారకుండా వకీలు ఇంజంక్షన్ కోరతారు.

వ్యాపార తగాదాలకు 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం వర్తిస్తుంది. వ్యాపారానికే వాడే స్థలాల ఒప్పందాలూ దీని కిందికి వస్తాయి. 2018లో ఇందుకు కావలసిన తగాదా కనీస విలువను కోటి రూపాయల నుంచి 3 లక్షలకు తగ్గించారు. అత్యవసర ఉత్తర్వు అవసరం లేని కేసుల్లో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ప్రతివాది 120 రోజుల్లో జవాబు వేయకపోతే ఆ హక్కే పోతుంది. బిల్డర్ ఫ్లాటు ఆలస్యం చేస్తే 2016 చట్టం కింద ఏర్పడిన రెరా (స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ) దగ్గర ఫిర్యాదు చేయవచ్చు.

ఈ వృత్తిలో కోట్ల విలువైన ఆస్తులు కళ్లముందే ఉంటాయి కాబట్టి నియమాలూ గట్టివే. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, గెలిచిన ఆస్తిలో వాటా తీసుకోవడం, తాను వాదించిన కేసులో వేలానికొచ్చిన ఆస్తిని కొనడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. జీవితకాలపు సంపాదనంతా ఒక ప్లాటులో పెట్టే కుటుంబానికి, లోపం కనిపించినప్పుడు కొనొద్దని నిక్కచ్చిగా చెప్పడం ఈ న్యాయవాది చేయగలిగిన అతి పెద్ద మేలు.