ఆడపిల్లను అడిగితే ఆడపిల్లే చెప్పాలి

పరిశోధనకని వచ్చినవారు మన ఇంటి ఆడపిల్లను ఏదైనా అడిగితే, తల్లో నాయనమ్మో ముందుగా జవాబు చెప్పేస్తారు. చదువు ఎందుకు ఆగిందో, పెళ్లి సంబంధం ఆమెకు ఇష్టమో కాదో కాగితం మీదికి రానే రాదు. అందుకే సంఘం తరఫున మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి పలకరించింది. అంకెలు చాలవని, 2007 నుంచి కొందరితో విడిగా కూర్చుని మాట్లాడింది. బొమ్మలు గీయించింది, బతుకులో జరిగినవాటిని ఒక గీత మీద వరుసగా గుర్తు పెట్టించింది.

ఇంటర్వ్యూకు తల్లిదండ్రుల అనుమతీ కావాలి, పిల్ల సమ్మతీ కావాలి. ఆమె వద్దంటే అక్కడితో ఆపాలి. ‘ఇంట్లో కష్టమా?’ అంటే ‘లేదు’ అంటుంది. ‘నిన్న లేచినప్పటి నుంచి ఏమేం చేశావమ్మా?’ అంటే నీళ్లు, అంట్లు, తమ్ముడు, బడి అన్నీ వస్తాయి.

అన్నీ రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వకూడదు. పిల్లలపై లైంగిక నేరం తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆ సంగతి మాటలు మొదలుపెట్టకముందే ఆమెకు తెలపాలి.

మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో. ఏ భాషలో చెప్పాలో వారే ఎంచుకోవాలి.

పెద్దలకు మా మనవి ఒకటే: పిల్ల కనబడేంత దగ్గరలో, మాట వినబడనంత దూరంలో కూర్చోండి.