కప్లింగ్ ఎందుకు విరుగుతుంది?

జక్రాన్‌పల్లి, ఆర్మూర్ వైపు సంక్రాంతి దాటాక పసుపు తవ్వకాలు ఊపందుకుంటాయి. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, ఇనుప జాలీ డ్రమ్ములో పోసి తిప్పితే పైపొర రాలిపోయి రంగు తేలుతుంది. ఆ డ్రమ్మును ఒకచోట కరెంటు మోటారు తిప్పితే, ఇంకోచోట ట్రాక్టర్ తిప్పుతుంది. డ్రమ్ము చిన్నదైతే, తోట పనికని ఎప్పుడో కొన్న పాత మినీ ట్రాక్టర్ చాలు. ఇంజిన్ ఏళ్ల తరబడి నడుస్తుంది. మధ్యలో ఉన్న జాయింటు, అంటే కప్లింగ్, మాత్రం మాటిమాటికీ పోతుంది. కొత్తది వేస్తారు, అదీ సీజన్ దాటదు. సరుకు నాసిరకమని దుకాణదారుణ్ని తిడతారు. నాసిరకం సరుకు లేదని కాదు గానీ, ఎక్కువసార్లు లోపం బిగించడంలోనే ఉంటుంది.

రెండు ఇరుసులు ఎంత జాగ్రత్తగా పెట్టినా ఒకే గీత మీద ఉండవు. ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం వంకరగా ఉంటుంది. ఆ తేడాను భరించడమే కప్లింగ్ పని. డీజిల్ ఇంజిన్, పంపు ఒకే ఇనుప చట్రం మీద ఉంటే తేడా తక్కువ. అక్కడ పళ్ల మధ్య రబ్బరు నక్షత్రం ఉండే కప్లింగ్ సరిపోతుంది. బజారులో లవ్‌జాయ్ అని అడిగితే ఇచ్చేది ఇదే. అయితే అది తట్టుకునే వంకర డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే. కప్లింగ్ రెండు బిళ్లల మీద ఉక్కు స్కేలు ఆనించి, నాలుగు వైపులా సందు చూసి, పునాది బోల్టుల కింద రేకు ముక్కలు పెట్టి సరిచేయాలి. ఈ పని చేయకుండా బిగిస్తే రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. ఆ నల్లటి పొడి కనబడితే రబ్బరు మార్చి లాభం లేదు, ముందు వంకర తీయాలి.

ట్రాక్టర్, డ్రమ్ము సంగతి వేరు. రెండూ రెండు చోట్ల, నేల మీద నిలబడి ఉంటాయి. ట్రాక్టర్ వెనకాల ఉండే పీటీఓ షాఫ్ట్‌కు 6 గాడులు, 35 మిల్లీమీటర్ల మందం, నిమిషానికి 540 చుట్లు అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. అందుకే ఒక కంపెనీ జాయింటు ఇంకో కంపెనీ బండికి ఎక్కుతుంది. ఈ జాయింటులో రెండు చివర్లా కూడిక గుర్తు ఆకారంలో ‘క్రాస్’ ఉంటుంది. ఇటలీ పండితుడు కార్డానో పేరు దీనికి అంటుకుంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో అచ్చువేసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఆయనకు కావలసింది ట్రాక్టర్ కాదు, సూర్యుణ్ని చూసే పరికరాలు.

క్రాసుకు ఒక వింత గుణముంది. వంకరగా తిరిగేటప్పుడు అది వేగాన్ని ఉన్నదున్నట్టు అందించదు. ఇటు ఇరుసు నిలకడగా 540 తిరుగుతున్నా, 20 డిగ్రీల వంకర ఉంటే అటు ఇరుసు ఒకే చుట్టులో రెండుసార్లు 507కి తగ్గి, రెండుసార్లు 575కి పెరుగుతుంది. 30 డిగ్రీలైతే 468 నుంచి 624 దాకా ఊగుతుంది. చుట్టుకు రెండు చొప్పున సెకనుకు 18 కుదుపులు. చెవికి అది గుర్రుమనే మోతలా వినిపిస్తుంది. గేరు పళ్లకు మాత్రం అది సుత్తి దెబ్బే.

దీనికి మందు రెండో క్రాసు. మొదటిది చేసిన తప్పును రెండోది సరిగ్గా ఎదురు తప్పుతో దిద్దుతుంది. అందుకు రెండు షరతులు: రెండు చివర్లా వంకర సమానంగా ఉండాలి, నడిమి గొట్టానికి రెండు కొసల్లో క్రాసును పట్టుకునే ఫోర్కులు ఒకే తలంలో ఉండాలి. పాత బండ్లతో చిక్కు ఇక్కడే. నడిమి షాఫ్ట్ చదరపు కడ్డీ, గొట్టం రకమైతే, గ్రీజు పెట్టడానికి విప్పి మళ్లీ దూర్చేటప్పుడు పావు చుట్టు తిరిగి కూర్చోవచ్చు. బయటికి తేడా తెలియదు. కానీ అప్పుడు తప్పులు కొట్టేసుకోవు, ఒకదానిమీద ఒకటి పడతాయి. 20 డిగ్రీల దగ్గరే వేగం 477, 612 మధ్య ఊగిసలాడుతుంది. విప్పే ముందు సుద్దముక్కతో రెండిటి మీదా ఒక గీత గీస్తే చాలు. ఇంత తేలికైన పని ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

అలాగని సూటిగా, ఒక్క డిగ్రీ వంకర లేకుండా పెట్టినా మంచిది కాదు. క్రాసులో ఉండే సన్నని సూది బేరింగులు అప్పుడు దొర్లవు. ఒకేచోట ఒత్తుకుని ఉక్కులో గుంటలు పెడతాయి. ఒకటి రెండు డిగ్రీలు ఉంటేనే అవి కదిలి గ్రీజు పూసుకుంటాయి.

ఇరుసులు ఒకే గీత మీద ఉండని చిక్కు చక్కెర మిల్లులకూ ఉంది. బోధన్‌లో 1937లో వచ్చిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గానీ, ఆ తరహా మిల్లులో చెరుకు పిండే పద్ధతి చెప్పుకోదగ్గది. మూడు రోలర్లలో పైది చెరుకు మందాన్నిబట్టి పైకి లేస్తుంది, దిగుతుంది. దాన్ని తిప్పే గేరు మాత్రం కదలదు. అందుకని మధ్యలో టెయిల్ బార్ అనే ఉక్కు కడ్డీని పెట్టి, రెండు చివర్లా కావాలనే వదులుగా ఉండే పెట్టెల్లో కూర్చోబెడతారు. ఆ వదులే మిల్లును కాపాడుతుంది.

ఇక బిగించడం. కొత్త బిళ్ల ఇరుసుకు ఎక్కకపోతే మన మిస్త్రీల చేయి ముందు సుత్తి మీదికి పోతుంది. ఆ దెబ్బ ఇరుసు గుండా పోయి లోపలి బేరింగు మీద పడుతుంది. బిళ్లను నూనెలో కాచండి. వేడి 80 డిగ్రీలు పెరిగితే 35 మిల్లీమీటర్ల రంధ్రం 0.03 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. చాలాసార్లు ఆ కాస్త చాలు. ట్రాక్టర్ షాఫ్ట్‌లో జారే గొట్టాలు పొడవు మొత్తం తెరుచుకున్నప్పుడు కూడా మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. పూర్తిగా మూసుకున్నప్పుడు చివర్లు తగలకూడదు.

షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు విరిగితే పని ఆపి కొత్తది వేయించాలి. సెకనుకు 9 చుట్లు తిరిగే ఇరుసుకు కొంగు చిక్కితే, ఒక్క సెకనులో మీటరు గుడ్డ చుట్టుకుపోతుంది.

డ్రమ్ము వైపు షియర్ బోల్టు ఉంటే అది తయారీదారు చెప్పినంత మెత్తటి రకమే కావాలి. కొమ్ముల మధ్య రాయి ఇరుక్కుని డ్రమ్ము ఆగితే తెగాల్సింది అదే. తెగిపోతోందని విసుగుపడి అంతకంటే గట్టి బోల్టు వేస్తే, తర్వాత తెగేది క్రాసో గేరు పన్నో అవుతుంది. తయారీదారు చెప్పిన రకం బోల్టులు కొన్ని టూల్ బాక్సులో పడేసి ఉంచండి.