మునిగేది ఒక్కరోజు... మారేది బతుకంతా!

పాతబస్తీ నుంచి గోల్కొండ కోటకు వెళ్లే దారిలో ఉంటుంది కార్వాన్. ఇప్పుడక్కడ ఇరుకు రోడ్లు, దుకాణాలు, ట్రాఫిక్ హోరు. కుతుబ్ షాహీల కాలంలో మాత్రం అది వజ్రాల వర్తకుల పేట. దూరప్రాంతాల నుంచి వచ్చే బిడారులు ఆగే చోటు. బిడారునే పారశీకంలో కార్వాన్ అంటారు. 1671లో కట్టిన టోలీ మసీదు ఆనాటి వైభవానికి సాక్షిగా ఇప్పటికీ నిలిచే ఉంది.

ఆ శతాబ్దంలోనే గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియర్ గనుల దగ్గర చూసిన ఓ సంగతి రాశాడు. మచ్చలేని రాయి దొరికితే సానపట్టేవాళ్లు దాన్ని తేలిగ్గా మెరుగుపెట్టి వదిలేసేవారట. మచ్చ ఉంటే మాత్రం చుట్టూ బోలెడు పలకలు చెక్కేవారట... ఆ లోపం కంటికి ఆనకుండా!

మనుషుల విషయమూ అంతే. మచ్చ పోగొట్టుకోవడం వేరు, మచ్చ కనపడకుండా మెరవడం వేరు. ఆ తేడాను గట్టిగా పట్టించుకునే సిద్ధాంతం ఒకటి క్రైస్తవంలో ఉంది. ప్రొటెస్టెంట్లు దాన్ని ‘పరిశుద్ధీకరణ’ అంటారు. కేథలిక్కులు ‘పవిత్రీకరణ’ అంటారు.

పిలుపు ముందు... మార్పు తర్వాత

బైబిలు పాత నిబంధనలో పరిశుద్ధమైనదని చెప్పడానికి వాడిన హీబ్రూ మాట ‘కాదోష్’. మామూలు వాడకం నుంచి తప్పించి దేవుడి కోసం విడిగా పెట్టినది అన్న భావం అందులో ఉంది. మన ఇళ్లలో దేవుడి దగ్గర పెట్టే చెంబును మరో పనికి వాడం కదా... అలాగన్నమాట. మోషే కాలంనాటి ప్రత్యక్షపు గుడారంలోని సామగ్రిని కూడా తైలంతో అభిషేకించి ఇలాగే ప్రత్యేకించారని నిర్గమకాండం చెబుతుంది.

చెంబుకైతే అంతటితో సరి. మరి మనిషి సంగతి? దేవుడికి అంకితమైనంత మాత్రాన కోపం, అసూయ, అత్యాశ ఆ క్షణమే మాయమైపోతాయా?

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం చూస్తే సమాధానం దొరుకుతుంది. మొదట్లోనే ఆయన వాళ్లను పరిశుద్ధులుగా పిలుపు పొందినవాళ్లన్నాడు. ఆ వెంటనే చీవాట్లు మొదలుపెట్టాడు. వర్గాలుగా చీలిపోయారని, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కుతున్నారని, కలిసి భోంచేయాల్సిన చోట కొందరు కడుపునిండా తింటుంటే కొందరు ఆకలితో ఉంటున్నారని!

అంటే, పిలుపు ముందు వచ్చింది. దానికి తగిన బతుకు తర్వాత రావాలి. పాపక్షమాపణ పొంది దేవుడి ఎదుట నీతిమంతుడిగా ఎంచబడటం ఆరంభం. అక్కడి నుంచి రోజురోజుకూ క్రీస్తు స్వభావంలోకి మారుతూ ఉండటం పరిశుద్ధీకరణ. ఆ పని చేసేది దేవుని ఆత్మే అయినా, లోబడాల్సింది మనిషి. రాయి సానకు ఎదురుతిరగదు... మనిషి తిరుగుతాడు. చిక్కంతా అక్కడే!

ఎంతవరకు సాధ్యం?

ఈ మార్పు బతికుండగా పూర్తవుతుందా అన్న దగ్గర సంఘాల మధ్య తేడాలున్నాయి. విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ, పాపీ అన్నాడు పదహారో శతాబ్దపు సంస్కర్త మార్టిన్ లూథర్. 1738 మే 24న లండన్‌లో లూథర్ రాసిన ముందుమాటను చదువుతుండగా విని కదిలిపోయినవాడే జాన్ వెస్లీ. ఆయన మాత్రం ఇంకో అడుగు ముందుకేశాడు. దైవకృపతో హృదయమంతా ప్రేమతో నిండిపోవడం ఈ జన్మలోనే సాధ్యమన్నాడు. కేథలిక్కుల ప్రకారం బాప్తిస్మంలో దొరికిన పవిత్రత సంస్కారాల వల్ల, సత్క్రియల వల్ల పెరుగుతూ పోతుంది.

శతాబ్దాల పాటు ఇవి పెద్ద తగాదాలు. చివరికి 1999లో కేథలిక్కులు, లూథరన్లు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులూ దానితో కలిశారు. రక్షణ దేవుడి కృప వల్లే, అయితే ఆ కృప మనిషిని మంచి పనులకు పురిగొల్పి తీరుతుంది... సారాంశం ఇదే.

గుండ్లకమ్మ సాక్షిగా

పుస్తకాల్లోని ఈ సిద్ధాంతానికి తెలుగునేల మీద గట్టి పరీక్షే ఎదురైంది. 1876-78 మధ్య దక్షిణాదిని మహాకరువు కమ్మేసింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో ఎలా తెలుస్తుంది? కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అసలు కథ ఆ తర్వాతిది. వాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. అక్కడి క్రైస్తవులకు మూడు నియమాలుండేవి. ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి తేలికే. కానీ రైతు కోతకు పిలిచింది ఆదివారమైతే? ఊరి జాతరలో డప్పు కొట్టాల్సిన వంతు తమదైతే? కాదంటే ఊరి పెద్దలకు కోపం. తరతరాలుగా వస్తున్న గింజల వాటాకే ఎసరు. ఏట్లో మునగడానికి నిమిషం చాలు. ఆ మాట మీద నిలబడటానికి మాత్రం ప్రతి వారం, ప్రతి పంటకూ మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

నియమాలు పాటించడమే పరిశుద్ధత అనుకుంటే పొరపాటే. లోపల మార్పు లేని ఆచారాన్ని యేసే అందరికంటే ఘాటుగా విమర్శించాడు. కానీ లోపలి మార్పు నిజమైతే అది కూలి దగ్గర, కంచం దగ్గర బయటపడక మానదని ఒంగోలు పల్లెలు చూపించాయి.

గుడికి చాలు ఒక్కరోజు

కరువులో పని కల్పిస్తూ వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. రాతి కట్టడాన్ని దేవుడికి అంకితం చేయడం ఒక్క పండుగ రోజులో అయిపోయింది. అందులో ప్రార్థించేవాళ్ల సంగతి అలా తేలదు.

పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో స్థిరపడి, 2000లో కన్నుమూసిన భక్తసింగ్ ఏటా పెట్టిన సభల పేరే ‘పరిశుద్ధ సమావేశాలు’. ప్రసంగాలు, ప్రార్థనలు సరే... అక్కడ కులం, హోదా చూడకుండా అందరూ చాపల మీద పక్కపక్కనే కూర్చుని ఒకే వంట తినేవారు. కొరింథువాళ్లు తప్పింది సరిగ్గా ఆ పరీక్షే!

పరిశుద్ధత అంటే లోకానికి దూరంగా పోవడం అనుకుంటారు చాలామంది. పౌలు గలతీయులకు రాసిన ఉత్తరంలో ఆత్మఫలాల జాబితా ఇచ్చాడు. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయ, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. వీటిలో ఎన్ని ఒంటరిగా గది తలుపులు వేసుకుని నిరూపించుకోగలం? విసిగించేవాళ్లు ఎదురైతేనే కదా ఓర్పు ఉందో లేదో తెలిసేది! అందుకే ఎవరెంత పరిశుద్ధులో చెప్పాల్సింది వాళ్లు కాదు. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, వాళ్ల దగ్గర కూలికి వచ్చేవాళ్లు.