మీకు తెలుసా? పొదుపు పుస్తకంలో ఊరి సేవ

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రచయిత కి. రాజనారాయణన్ అలాంటి ఇంటివాడే. ఇక్కడ ఆడవాళ్ల సేవా సంఘం అంటే పట్నం క్లబ్బు కాదు. 12 నుంచి 20 మంది కూడి పొదుపు చేసుకుని అప్పులిచ్చుకునే ‘మగళిర్ కుళు’ (మహిళా బృందం). 1989లో ధర్మపురిలో మొదలైన ఈ పద్ధతి 1997-98లో ‘మగళిర్ తిట్టం’ (మహిళా పథకం) పేరుతో రాష్ట్రమంతా పాకింది. పల్లెల్లోని గుంపులన్నీ కలిస్తే పంచాయతీ సమాఖ్య.

అప్పూ వడ్డీల లెక్కే కదా, ఇందులో సేవేముంది అనవచ్చు. నిజమే, బల్లమీద కనిపించేది పాసుపుస్తకమూ తీర్మానాల పుస్తకమూ, వేలిముద్రలకు సిరా డబ్బా. కానీ అగ్గిపెట్టెల పనిలో పొద్దంతా గడిచే ఆడవాళ్లు ఒకచోట కూర్చోవడానికి ఆ లెక్కే సాకు. కూర్చున్నాక మాట నీళ్లకూ, సారాకూ మళ్లుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో జరిగిందీ అలాంటిదే: చదువు నేర్చుకోవడానికి చేరిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు, 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఈ కుళులన్నీ సర్కారు పెట్టించిన సంఘాలేగా అన్న ఆక్షేపణలో కొంత పస ఉంది. అధికారుల టార్గెట్లకోసం పుట్టిన గుంపులూ లేకపోలేదు. అయితే సారా కొట్టు మూయించమని ఏ టార్గెట్టూ చెప్పలేదు.