బాబాయ్ పడవకి పెద్ద ఇంజన్

మాది కోరుకొండ. మా ఊళ్లో కొండ ఉంది, కొండ మీద నరసింహస్వామి ఉన్నాడు, గోదావరి మాత్రం లేదు. పడవెక్కాలంటే రాజమండ్రి వెళ్లాలి. అక్కడ మా బాబాయ్‌కి 9 మీటర్ల చెక్క పడవ ఉంది. రేవు నుంచి లంకకి మనుషుల్నీ సామాన్లనీ చేరవేస్తాడు. కిందటేడు అప్పు చేసి, 10 హార్స్‌పవర్ ఇంజన్ తీసేసి 20ది పెట్టించాడు. 25 నిమిషాల ప్రయాణం సగం అయిపోతుందని ఆయన లెక్క. అయింది 22. డీజిల్ మాత్రం దాదాపు రెట్టింపు తాగుతోంది.

"ఏరా, ఇంజనీరింగ్ అంటున్నావు కదా, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పు" అన్నాడు.

ఇంజన్‌లో తేడా ఏం లేదు ఫ్రెండ్స్. జవాబు పడవ వెనకాల నీళ్లలో ఉంది.

పడవని నీళ్లు రెండు రకాలుగా ఆపుతాయి. మొదటిది రాపిడి. ఇదొక్కటే ఉంటే ఇంజన్ శక్తి రెట్టింపు చేసినా వేగం 26 శాతమే పెరుగుతుంది, ఎందుకంటే కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే బాబాయ్ ఆశపడ్డ సగం టైం ఎలాగూ రాదు. కానీ ఆ 26 శాతం కూడా రాలేదే! మిగతాది రెండోది మింగేసింది. అదే అలల నిరోధం.

పడవ ముక్కు నీటిని తోస్తే అక్కడ ఒక అల లేస్తుంది. ఆ అలని లేపే శక్తి మన డీజిల్‌లోంచే వస్తుంది. పడవతో పాటు పరిగెత్తే ఈ అలకి ఒక నియమం ఉంది: వేగం పెరిగేకొద్దీ అల పొడవు వేగం వర్గంతో పెరుగుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు పడవ పొడవునా మూడు నాలుగు చిన్న అలలు కనిపిస్తాయి. వేగం పెంచితే రెండు, తర్వాత ఒక్కటే. అల పొడవూ పడవ పొడవూ సమానమయ్యాక ముక్కు ఒక శిఖరం మీద, వెనక భాగం ఇంకో శిఖరం మీద ఉంటాయి. ఇంకా తొక్కితే వెనకది పల్లంలోకి జారుతుంది, ముక్కు పైకి లేస్తుంది. అంటే పడవ తను లేపిన అలనే ఎక్కడానికి గింజుకుంటోందన్నమాట.

ఆ హద్దు లెక్క తేలికే. నీటిని తాకే పొడవుని మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.25తో గుణిస్తే సెకనుకి ఎన్ని మీటర్లో వస్తుంది. 9 మీటర్లకి 3.75, అంటే గంటకి 13.5 కిలోమీటర్లు. బాబాయ్ పాత ఇంజన్‌తోనే 11 దాకా వెళ్లేవాడు, ఇప్పుడు 12.5. గోడ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. స్పీడ్‌బోట్లు ఈ గోడ దాటతాయి కదా అంటారేమో. అవి తేలిగ్గా, అడుగు చదునుగా ఉండి నీటి పైకి లేచి జారతాయి. బియ్యం బస్తాలతో ఉన్న చెక్క పడవకి అది కుదరదు.

"ఎండాకాలంలో నీళ్లు తగ్గితే పడవ బరువెక్కుద్దిరా" అని బాబాయ్ ఎప్పుడూ అనేవాడు. అదీ నిజమే. లోతు తక్కువైతే అలల వేగానికి ఇంకో హద్దు పడుతుంది. ఒక మీటరు లోతులో అది గంటకి సుమారు 11 కిలోమీటర్లు. ఆయనకి సూత్రం తెలియదు, చేతికి తెలుసు.

మరి ఓడలు కట్టేవాళ్లు ఏం చేస్తారు? ముందు చిన్న నమూనా చేసి లాగి చూస్తారు. ఈ పద్ధతికి దారి వేసింది విలియం ఫ్రూడ్. 1872లో ఇంగ్లండ్‌లోని టార్కీలో ట్యాంక్ కట్టి, మైనపు నమూనాలని లాగించాడు. నమూనా 16 రెట్లు చిన్నదైతే వేగం 4 రెట్లు తగ్గించాలి, అప్పుడే అలల తీరు ఒకటే అవుతుంది. మన విశాఖపట్నంలో డీఆర్‌డీవో వాళ్ల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఇదే పనికి 500 మీటర్ల పొడవైన టోయింగ్ ట్యాంక్ ఉంది.

అలల్ని తగ్గించే ఉపాయాల్లో పేరున్నది పెద్ద ఓడల ముక్కు కింద నీళ్లలో కనిపించే ఉబ్బు. ఆ ఉబ్బు తన అలని తను లేపుతుంది. దాని పల్లం సరిగ్గా ముక్కు అల శిఖరం మీద పడేలా అమరిస్తే రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి. కానీ అది ఒక వేగానికి, ఒక బరువుకి కుదిరేది. బాబాయ్ పడవకి తగిలిస్తే రాపిడి పెరగడం తప్ప లాభం ఉండదు.

ఆయనకి పనికొచ్చేవి మూడే. ఒకటి, హద్దుకి బాగా కింద, 10 దగ్గర నడపడం. రెండు, బస్తాలన్నీ వెనక వేయకుండా సమంగా సర్దడం. మూడు, మళ్లీ పడవ కట్టిస్తే పొడుగ్గా, సన్నగా కట్టించడం.

ఇదంతా చెప్తే బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. అప్పు ఇంకా తీరలేదు మరి. ఇప్పుడు ఇంజన్ తగ్గించి నడుపుతున్నాడు. ప్రయాణం 27 నిమిషాలు పడుతోంది, డీజిల్ ఖర్చు మళ్లీ పాత లెక్కకి వచ్చింది. మొన్న పండక్కి వెళ్తే అడిగాడు: "ఈసారి కట్టిస్తే ఎన్ని మూరలు పెంచమంటావ్?"

ఆరేడు మూరలు పెంచితే 12 మీటర్లవుతుంది, హద్దు 15.6కి జరుగుతుంది అన్నాను. కాగితం మీద రాసిమ్మన్నాడు. వడ్రంగికి చూపించాలట.