మస్కి: రాతిపై ఒక పేరు, మట్టిలో ఒక ఊరు

ఆదిమ కృషీవలుల నాటినుండి మధ్యయుగము వరకు మానవవాసమై విలసిల్లిన ఒక గుట్ట చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమ, దక్కను పీఠభూమిపై, రాయచూరు మండలమున మస్కి యను ఊరి నానుకొని, నగ్నశిలలతో నిండిన గుట్ట యొకటి కలదు. నేడు కర్ణాటక రాష్ట్రమున చేరియున్నను, 1956 వరకు ఈ సీమ హైదరాబాదు రాజ్యములోనిదే యగుటచే, తెలుగువారికి దీనితోడి సంబంధము క్రొత్తది కాదు.

ప్రాచీనులు బంగారము త్రవ్వుకొనిన హట్టి గనులు ఈ ప్రాంతముననే యున్నవి. ఆ బంగారమునకై వెదకుచు వచ్చిన గనుల ఇంజనీరు సి. బీడన్‌కు 1915లో ఈ గుట్టమీద బ్రాహ్మీలిపిలో చెక్కిన ప్రాకృత శాసనము కానవచ్చెను. శాసనపండితులగు కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి ప్రకటింపగా పండితలోకము విస్మయము నొందినది. అంతవరకు లభించిన ధర్మశాసనములలో దేవానాంప్రియుడనియు, ప్రియదర్శి యనియు బిరుదములచేతనే పేర్కొనబడిన ప్రభువు, ఇచ్చట అశోకుడని తన స్వనామముతోనే దర్శన మిచ్చెను. ఆ పేరు తరువాత గుజర్రా, నిట్టూరు, ఉదేగోళములందును బయల్పడినది. కర్నూలు సీమలోని ఎర్రగుడి, రాజులమందగిరి లఘుశాసనములు మస్కి శాసనమునకు తోబుట్టువులు.

ఆ కీర్తి గుట్ట నావరించియుండగా, 1954లో బి. కె. థాపర్ నాయకత్వమున పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములు, దాని చెంతనే మట్టిలో నాలుగు యుగముల జనజీవనము పొరలుపొరలుగా నిక్షిప్తమై యున్నదని నిరూపించినవి. అట్టడుగున, సన్నని రాతి పనిముట్లతో పనిచేయుచు రాగిని అప్పుడప్పుడే ఎరుగుచున్న జనుల నివాసములు; ఆపైని, ఇనుమును సాధించి, నలుపు ఎరుపు కుండలు కాల్చి, మన పల్లెలలో రాకాసి గుళ్లని పిలుచు బృహచ్ఛిలా సమాధుల సంస్కృతిని అనుసరించిన వారి అవశేషములు; తదుపరి శాతవాహనుల కాలపు పొర; అన్నింటికి పైని మధ్యయుగపు జనావాసము. 11వ శతాబ్ది తొలిపాదమున చాళుక్య జయసింహుని రాజేంద్రచోళుడు ఓడించితినని చెప్పుకొనిన ముసంగి యుద్ధరంగము ఈ మస్కియేయని కొందరు చరిత్రకారులు గుర్తించిరి.

చక్రవర్తి తన నామమును శిలపై నిలుపుకొనెను. కుండ చేసినవాడు, ఇనుము కరగించినవాడు, పూసలు గ్రుచ్చినది ఏ నామమును విడిచిపోలేదు. అయినను ఆ శాసనము చేయు బోధ యేమి? ఘనులకే గాక అల్పులకును పూనికచేత ఉన్నతఫలము సిద్ధించునని గదా! ఆ వాక్కును మన్నించువారము, శాసనశిలకు నమస్కరించి అంతటితో మరలిపోరాదు. రాయచూరు పోవు పాఠకులారా, శాసనమును చూచిన పిదప గుట్ట చుట్టును తిరుగుడు. కాలిక్రింద కనబడిన పెంకునైనను ఎత్తుకొనిపోకుడు. ఆ పెంకు నామరహితుల శాసనము.